గుంటూరు అన్న బేస్ గిటార్

ఐర్లండులో ఏది ఎలా ఉందని అడిగినా "గ్రాండ్" అంటారు. బాగుందో లేదో మనమే ఊహించుకోవాలి.

డబ్లిన్ శివారు టాలా‌లోని మా తెలుగు చర్చిలో బేస్ గిటార్ వాయించే గుంటూరు అన్న వృత్తిరీత్యా నర్సు, ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకునేవాడు. దాంతో పైనుండాల్సిన లావు తీగ కిందికి వచ్చేది.

"తీగలు మార్చి బిగించుకోవచ్చుగా అన్నా?" అంటే, "ఎట్టా పట్టుకున్నా దేవుడికి వినపడుద్దిలే తమ్ముడూ" అనేవాడు.

స్లైగోలో ఉద్యోగం వచ్చి వెళ్తూ గిటార్ నాకు అప్పగించాడు. నాది కుడిచేతివాటమే అయినా, ఆయనకు ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కనుక, నా వేళ్లూ లావు తీగ కోసం కిందికే పోయేవి. మొదటి ఆదివారం నా వాయింపు విని పాస్టరుగారు "గ్రాండ్" అన్నారు. ఆ సాయంత్రమే తీగలన్నీ ఊడదీసి, లావుది కిందికి వచ్చేలా బిగించాను.

ఈస్టరుకు అన్న వచ్చాడు. అల్లుడికి సంగీతం వచ్చంటే ఏనాడూ నమ్మని ఆయన అత్తగారూ గుంటూరు నుంచి వచ్చారు. ఆమెను నమ్మించాలని ముందు వరుసలో కూర్చోబెట్టాడు. గిటార్ అందుకుని, అలవాటుగా తిరగేసి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. లావు తీగ పలకాల్సిన చోటల్లా సన్న తీగ పలికింది. పాడేవాళ్లు ఆగిపోయారు. అత్తగారు కూతురి వంక చూశారు.

అన్న గిటార్‌ను కాసేపు పరీక్షించి, మైకులోనే అడిగాడు.

"ఈ తీగలు తిరగేసి బిగించిన తలమాసినోడు ఎవడు?"