ఫంక్షన్ హాల్లో మేనత్త బొమ్మ

మొన్న ఒక పెళ్లికని నల్లగొండ వెళ్లాను. భోజనాలయ్యాక ఒక కుర్చీ చూసుకుని కూర్చుంటే, ఎదురుగా ఫోటోలు తీస్తున్నారు. ఫోటో అబ్బాయి "నవ్వుండ్రి, పండ్లు కనవడాలె" అని అందరికీ హుకుం జారీ చేస్తున్నాడు. పెళ్లికూతురి చుట్టూ చేరిన చిన్నపిల్లలు అతను అడగకముందే నవ్వేశారు. అందరూ మా ఊరి పిల్లలే, అందరివీ మల్లెమొగ్గల్లాంటి తెల్లటి పళ్లే. చూస్తూ ఉండగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కనున్నావిడ నన్ను పెళ్లికూతురికి బాగా దగ్గరి చుట్టమనుకుని ఓదార్పుగా నీళ్ల సీసా అందించింది. నాకు గుర్తొచ్చింది మా మేనత్త, ఇదే హాల్లో కొన్నేళ్ల కిందట ఆమె చేసిన ఒక పని.

మాది మునుగోడు వైపు పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది. ఆ నీళ్లు తాగి కొందరికి కీళ్లు పట్టేశాయి, కొందరికి నడుములు వంగిపోయాయి. అంత కష్టం రానివాళ్లకు కూడా పళ్ల మీద గోధుమరంగు గార మాత్రం తప్పలేదు. నేను చిన్నప్పటి నుంచీ హైదరాబాదులో పెద్దనాన్న ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి బయటపడ్డాను. మా ఊళ్లో ఎవరింటి పాత పెళ్లి ఆల్బమ్ తిరగేసినా ఒక్క మనిషీ నవ్వడు. పెళ్లికొడుకు మొదలుకొని బాజావాళ్ల దాకా మూతులు బిగించుకుని నిలబడి ఉంటారు. కొత్తవాళ్లెవరైనా చూస్తే, ఈ సంబంధం ఎవరికీ ఇష్టం లేదేమో పాపం అనుకుంటారు. అత్త పెళ్లి ఫోటో కూడా అంతే. మామయ్యవీ గారపళ్లే కావడంతో ఇద్దరి మధ్యా దాపరికం లేకుండా పోయిందని ఆమే చెప్పేది. బయటివాళ్ల ముందు మాత్రం నవ్వు రాకముందే కొంగు మూతి మీదికి వచ్చేది. ఆమె నవ్వుతోందని మేం భుజాలు చూసి తెలుసుకునేవాళ్లం. నాట్లేసే చోటైనా, చావింటి అరుగు మీదైనా, నలుగురినీ నవ్వించకుండా ఉండలేని మనిషి. తన నవ్వు మాత్రం ఎవరినీ చూడనివ్వలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఇంటింటికీ నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాయి. ఆ రోజుల్లోనే మా చెల్లెలి కూతురు బొమ్మల చదువు పూర్తిచేసింది. తోటివాళ్లతో కలిసి 'అందం' అనే అంశం మీద ప్రదర్శన పెడతానంది. హైదరాబాదులో గ్యాలరీల కిరాయిలు వాళ్లకు అందేవి కావు. శుభకార్యాలు చేయని మూఢం రోజులు కావడంతో నల్లగొండలో ఈ ఫంక్షన్ హాలు చవగ్గా దొరికింది. మా పిల్ల తన వంతుగా అత్త బొమ్మ వేస్తానని పట్టుబట్టింది.

"నా మొఖంల ఏం అందం గనవడ్డది బిడ్డా నీకు?" అని అత్త చాలాసేపు తప్పించుకుంది. చివరికి ఒక షరతు పెట్టి ఒప్పుకుంది. "కొంగు మాత్రం తియ్య. ఎందుకు గప్పుకున్ననో గూడ ఎవ్వలకు చెప్పొద్దు." పిల్ల మాటిచ్చింది. అన్నట్టే కొంగు మూతికి అడ్డం పెట్టుకున్న ముసలమ్మను పెద్ద గుడ్డ మీద గీసింది. పైన కనిపించేవి రెండు కళ్లే అయినా, మా అత్తేనని ఎవరైనా పోల్చుకుంటారు.

ప్రదర్శన రోజు అత్తను ఆటోలో నేనే తీసుకొచ్చాను. మోకాళ్ల నొప్పులని పిల్లలు ఆమెను పెళ్లికూతురి ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. "గీ వయసుల గిదొక్కటి తక్కువైంది" అంది కొంగు అడ్డం పెట్టుకుని. ఎదురుగా ఒక అబ్బాయి, ఎండిపోయిన బోర్లలోంచి తీసిన పైపులను నిలువుగా పాతి పెట్టాడు. అత్త వాటిని పైనుంచి కింది దాకా చూసి, "గిసొంటియి మా ఇంటెనక గూడ ఉన్నయి. తెద్దునా?" అంది. ఆ అబ్బాయి నిజంగానే తెమ్మన్నాడు.

మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కళల గురించి పత్రికల్లో రాస్తారట. కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఒక్కో బొమ్మ గురించీ చెబుతూ అత్త బొమ్మ ముందు ఆగారు.

"చూశారా, ఈ సిగ్గు. మన పల్లెటూరి స్త్రీ అందమంతా ఈ కొంగు చాటునే ఉంది" అన్నారు. మా పిల్ల వైపు తిరిగి, "అంతే కదమ్మా? నువ్వు చెప్పదలుచుకున్నది అదే కదా?" అని అడిగారు.

పిల్ల మొహం పాలిపోయింది. అవునంటే తన బొమ్మను తానే అబద్ధం చేసుకోవాలి. కాదంటే ఎందుకో చెప్పాలి, అత్తకిచ్చిన మాట పోతుంది. తల వంచుకుని నిలబడింది. "చిత్రకారిణికీ సిగ్గెక్కువే" అని ఆయన నవ్వారు. పిల్లలూ నవ్వారు. నేను ఏదో ఒకటి చెప్పి మాట మార్చాలని లేవబోయాను. నాకంటే ముందే అత్త కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"గది సిగ్గు గాదు సారూ" అంటూ నెమ్మదిగా నడిచి వెళ్లి బొమ్మ పక్కన నిలబడింది. "గా బొమ్మ నాదే."

కొంగు దించింది. చేయి మళ్లీ పైకి పోలేదు. అంతమంది ముందు నోరు తెరిచి పళ్లు చూపించింది.

"మా ఊరి నీళ్లకు గిట్లయినయి. మంది నవ్వుతరని దాసుకున్న. చెప్పొద్దని నేనే మాట తీసుకున్న, అందుకే పిల్ల చెప్తలేదు. దాన్నేం అనకుండ్రి."

ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, "తప్పయింది తల్లీ" అన్నారు. మా పిల్ల అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నాకూ ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అత్తే మా ఇద్దరినీ కసురుకుని చాయ్ తెప్పించమంది.

తర్వాత కొన్నాళ్లకు ఆమె ముందుపళ్లు కదిలి రాలిపోయాయి. కొడుకు దవాఖానకు తీసుకెళ్లి కట్టుడు పళ్లు పెట్టించాడు. తెల్లగా, వరుసగా, పెళ్లిలో చూసిన ఈ పిల్లల పళ్లలాగే ఉండేవి. చూద్దామని ఊరికి వెళ్లినప్పుడు నేనేదో అంటే నవ్వబోయింది. కొంగు మూతి మీదికి వచ్చేసింది.

"ఇంకేం దాస్తవత్తా, మంచిగ తెల్లగున్నయి గద" అన్నాను.

"నాకెరుకనే బిడ్డా" అంది కొంగు వెనకనుంచి. "చెయ్యికే ఎరుక లేదు."

పోయేదాకా ఆ చేయి అలా లేస్తూనే ఉంది. అది చూశాకే, ఆ రోజు హాల్లో దాన్ని దించడానికి ఆమె ఎంత బలం తెచ్చుకుందో నాకు తెలిసింది. కాలం మా ఊరి నీళ్లను మార్చింది, అత్త పళ్లను కూడా మార్చింది. ఆ చేయి దగ్గర మాత్రం కాలం ఓడిపోయింది, దాన్ని ఆ ఒక్కసారీ దించింది మా అత్తే.