నాన్న రిటైర్మెంటుకి ఊక గ్యాసు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా యంత్రం మీద ఉన్నంత నమ్మకం నాకు దేవుడి మీద కూడా ఉండేది కాదు. తఖత్‌పూర్ వైపు రైసు మిల్లుల్లో ఊక గ్యాసు యంత్రాలు బిగించే పని నాది. గాలి సరిగ్గా ఆడనివ్వకుండా ఊకను లోపల కాలిస్తే మండే గ్యాసు పుడుతుంది, గొట్టంలోంచి వచ్చి పొయ్యిలో వెలుగుతుంది. కాలుతుండగా పైమూత మాత్రం తీయకూడదు, గాలి తగిలితే గ్యాసు పేలుతుంది. (ఈ ముక్క అన్నం తింటూ కూడా చెప్పి అందరి ప్రాణాలూ తీసేదాన్ని.)

నాన్న రిటైరయ్యే రోజు తార్‌బహార్‌లో మా ఇంటి ముందు ఆయన పనిచేసే రైలింజన్ల షెడ్డు వాళ్లందరికీ భోజనాలు. వంట నా యంత్రం మీదేనని పట్టుబట్టాను. "సిలిండర్లు తెప్పించీసుకుందుమే" అని అమ్మ గొణిగింది. నాన్న మాత్రం "మా గుంట సేసిన గ్యాసు మీదే వంట" అని నా గురించి షెడ్డంతా చెప్పుకొచ్చారు. అలా ఆయన పరువు నా చేతిలో పడింది.

ముందురోజు వానకి ఊక చెమ్మగిల్లింది. నేను చూసుకోలేదు. పొద్దున్న ఎంతసేపటికీ తెల్లటి పొగే తప్ప మంట లేదు. నాన్నని షెడ్డు నుంచి ఊరేగిస్తూ తెస్తున్న బాజాలు వీధి మలుపు దాకా వచ్చేశాయి, పప్పు ఇంకా పచ్చినీళ్లలోనే ఉంది. మా ఇళ్లలో సిగ్డీ, అదే బొగ్గుల కుంపటి, పొగ కక్కితే చాటతో విసురుతాం. ఆ అలవాటే నా చదువును మింగేసింది. మెడలో దండతో నాన్న దగ్గరికొచ్చి "ఎలిగిందేటమ్మా?" అని వంగారు. నేను మూత తీసి, చాటతో గట్టిగా విసిరాను. ధబ్బుమంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, యంత్రంలోని మసంతా నాన్న మొహమ్మీద, కొత్త తెల్లచొక్కా మీద పడింది.

అమ్మ ఇరుగుపొరుగు సిగ్డీలన్నీ పోగేసి వండించేసరికి పొద్దు వాలింది. నేను వంటింటి తలుపు వెనక నక్కి ఏడుస్తున్నాను. బయట నాన్న గొంతు వినబడింది. "ఫైర్‌మేన్‌గా సేరిన రోజు స్టీమింజను దిగి ఇలాగే మసి మొహంతో ఇంటికొచ్చినాను. అచ్ఛా, మా గుంట నన్ను మళ్లీ అక్కడికే తీసుకెళ్లిపోనాది." అందరూ నవ్వారు. నాకు ఇంకా సిగ్గేసింది.

ధబ్బుమన్న వెంటనే ఎవరో తీసిన ఆ మసి మొహం ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. పక్కన చాటతో నేను. చుట్టాలొస్తే గోడవైపు తిప్పేస్తాను, నాన్న మళ్లీ ఇటు తిప్పుతారు. మొన్న గతౌరాలో ఓ మిల్లులో కొత్త యంత్రం వెలిగిస్తుంటే ముందు కాస్త పొగ వచ్చింది. నా చెయ్యి దానంతటదే చాట కోసం వెతికింది. నవ్వుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.