సౌనా బల్లకి చెక్క

ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మా ఆయన, టాటానగర్ కద్మాలో మా ఇంటి వెనుక సౌనా కట్టాలని పట్టుబట్టారు. చెక్కగదిలో రాళ్ళు కాల్చుకుని, ఆ వేడికి చెమటలు పట్టేదాకా ఉత్త ఒంటితో కూర్చోవడమట. లోపల కూర్చునే బల్లకి ఏ చెక్కో ఆ సాయంత్రమే వడ్రంగికి చెప్పాలి. పొరపాటైతే కాలేది ఆయన ఒళ్ళే. పొరుగూరి మిల్లులో ఒకే కొలతకి కోయించిన సాల్, పాప్లర్, పైన్ చెక్క ముక్కలతో బండి దిగి, ఏది మంచిదో తేలక మే నెల ఎండలో టాటానగర్ స్టేషన్లోనే కూర్చున్నాను.

పక్కనున్నావిడ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"ఫర్నేస్ కాడ ఉడికింది సరిపోనేదేటి మీ ఆయనకి?" అంటూ ముక్కలను ఎండలో పెట్టింది. మూడూ సమానంగా అరగంట ఉండాలన్నాను. తరువాత నేను చెయ్యి వేసి చూడబోతే ఆపింది.

"సెయ్యేటి కూకుంటాదా అప్పా?"

తనే సాల్ మీద కూర్చుని, "అమ్మో!" అని లేచింది. పాప్లర్ మీద హాయిగా కూర్చుంది. పైన్ మీద కూర్చునేసరికి ఆమె బండి వచ్చింది. ఆమె లేస్తే, చెక్కలోంచి ఎండకి కరిగిన జిగురుతో కోకకి అంటుకుని ముక్కా లేచింది. దాన్ని లాగుతూ వెనకే పరుగెత్తాను. పెట్టె ఎక్కుతుంటే ఊడింది.

"పాప్లరే ఎయ్యించప్పా!" అని తలుపులోంచి అరిచింది.

అదే వేయించాం. ఒళ్ళు కాలని చెక్క ఎలా కనిపెట్టావని మా ఆయన ఇప్పటికీ మెచ్చుకుంటారు. పరీక్ష చేయించానంటాను. ఎవరిచేత అంటే చెప్పగలను, దేనితో అని అడుగుతారనే భయం.