పెసిడెంటు బాబు పంచిన నీళ్లు

మల్కాపురంలో ఎనిమిది ఫ్లాట్ల మేడ అది. దానికో కమిటీ, ఆ కమిటీకో ప్రెసిడెంటు, పట్టాభిరామయ్య. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, కసురుకోడానికి కింద గుమాస్తాల్లేక తోచక చస్తున్న మనిషికి ఈ పదవి దొరికింది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని ఊరికే అన్నారా? మెట్ల మీద చెప్పులుండకూడదని ఒక నోటీసు, మేడ మీద దుప్పట్లు దులపకూడదని ఇంకో నోటీసు. ప్రతిదాని కిందా మూడు వరసల సంతకం.

నూకాలుది మూడో అంతస్తు. మొగుడు గంగరాజు పోర్టులో పనిచేసి, పోతూపోతూ ఆ రెండు గదులూ మిగిల్చిపోయాడు. ఆమె తెల్లారే హార్బరుకెళ్లి చేపలు తెచ్చి, బుట్ట నెత్తినెట్టుకుని వీధులంట అమ్ముతుంది. ఇంట్లో అత్త అసిరమ్మ, పక్షవాతమొచ్చి ఏడాదిగా మంచం మీదే ఉంది. రెండు పూటలా ఒళ్లు కడగకపోతే వీపంతా పుళ్లు పడిపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు.

2003 వేసవిలో బోరు ఎండింది. రోజు విడిచి రోజు ట్యాంకరు తెప్పించుకునేవారు. గేటు దగ్గర ఫ్లాటుకో డ్రమ్ము వరసగా పెట్టేవారు, గొట్టం మటుకు ప్రెసిడెంటుగారే పట్టేవారు. ఇంకెవరికీ గొట్టం పట్టుకోవడం రాదు మరి! ముందు తన డ్రమ్ము పొంగిపొర్లాలి. తర్వాత నమస్కారాలు పెట్టేవాళ్లవి. ఆఖర్న నూకాలుది, అడుగు తడిసేంత. చేపల కంపు కడుక్కోడానికి కమిటీ నీళ్లివ్వదని పదిమందిలోనూ అనేవాడు. మిగతావాళ్లు చదువుకున్నవాళ్లు కదా, కిక్కురుమనకుండా నేలచూపులు చూసేవారు. ఛీ, ఎందుకా చదువులు!

ఓ మంగళవారం అసిరమ్మ వీపున మొదటి పుండు లేచింది. అది చూసేసరికి నూకాలుకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కిందికి దిగితే ట్యాంకరొచ్చి ఉంది, పట్టాభిరామయ్య గొట్టం సవరిస్తున్నాడు. ఆమె తిన్నగా వెళ్లి ఆయన డ్రమ్ము మీద మూతెట్టి, ఆ మూత మీద కూర్చుంది.

"బాబూ, మా ఒడ్డున వల లాగేక సేపలు కుప్పలేసి పంచుతారు. పంచినోడు ఆకర్న తీసుకుంతాడు. తమరే పంచండి, గొట్టం ఎవులమూ ముట్టుకోం. డ్రమ్ములు మాత్రం మేం ముందల ఏరుకుంతాం. మిగిల్నది తమరిది."

అది రూల్సులో లేదన్నాడాయన. చేపలమ్ముకునేదాని దగ్గర రూల్సు నేర్చుకోవాలా అన్నాడు. పోలీసులన్నాడు. కింది ఫ్లాటు రసూల్ బీ, ముప్పై ఏళ్లు వన్ టౌన్‌లో కొట్టు నడిపిన ముసలామె, చేతికర్ర పక్కన పెట్టి తన డ్రమ్ము మూత మీద తనూ కూర్చుంది. ఇందులో తప్పేముందో చెప్పమని ఆయన్నే అడిగింది. అప్పుడు కదిలారండీ మన చదువుకున్నవాళ్లు, ఒక్కొక్కరే, నూకాలమ్మ చెప్పిందే న్యాయమంటూ. ట్యాంకరు డ్రైవరు ఇంకో వీధికెళ్లాలని హారను మోగించేస్తున్నాడు. ఇక తప్పక ఒప్పుకున్నాడు పెద్దమనిషి.

ఆ పూట చూడాలి ఆయన పంపకం! డ్రమ్ము డ్రమ్ముకీ వంగి చూశాడు. ఇందులోంచి మగ్గుడు తీసి అందులో పోశాడు, అందులోంచి చెంబుడు తీసి ఇందులో పోశాడు. పంచె తడిసి, కళ్లజోడు జారి, చెమటలు కక్కుతూ ఎనిమిది డ్రమ్ములూ వెంట్రుకవాసి తేడా లేకుండా నింపాడు. వేసవంతా రాని విద్య పావుగంటలో వచ్చేసింది మహానుభావుడికి.

నూకాలు నాలుగు బిందెలు పైకి మోసుకెళ్లి, అత్తని పక్కకి తిప్పి, గుడ్డ ముంచి ముంచి వీపంతా కడిగింది. ముసల్దానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేసి నీళ్లు ఎవులిచ్చారని అడిగింది.

"పెసిడెంటు బాబే పంచాడత్తా."

"మంచోడే పాపం."

"ఆకర్న నిలబెడితే ఎవులైనా మంచోలే అత్తా," అని నూకాలు గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచింది.