పూడిక తీసే ఇశ్రాయేలు

ఇశ్రాయేలుకు అడ్డం కనబడితే చాలు, తీసిందాకా అన్నం సయించదు. బందరు కాలవ మీద ముప్ఫై ఏళ్లు లస్కరుగా గుర్రపుడెక్క లాగి లాగి రిటైరయ్యాడు. కొలువు వదిలింది గాని గుణం వదల్లేదు. ఒకసారి బెంజ్ సర్కిల్లో గడ్డిబళ్లు అడ్డం తిరిగితే, బస్సు దిగి ఎడ్లను అదిలించి గంటలో దారి చేశాడు. దారి దొరగ్గానే బస్సు ఆయన్ను అక్కడే వదిలేసి పోయింది. ఇంకోసారి చర్చిలో పాస్టరుగారి గొంతు పూడుకుపోతే, లేచి వెళ్లి జేబులోంచి మిరియాలు తీసిచ్చాడు. ప్రసంగం ఇక ముగుస్తుందని ఆశపడ్డ జనం ఆయన్ను నెల్లాళ్లు క్షమించలేదు.

పటమటలో ఆయన పక్కిల్లు దర్జీ హుమాయూన్‌ది. పొరుగాయనంటే ఇష్టమే గాని, మిషను ముందు కూర్చోగానే "సూది బెజ్జం పూడిందేమో చూడనా?" అంటూ వచ్చే మనిషితో వేగడం మాటలా!

1979లో, కాలవలకు నీళ్లొదిలిన కొత్తల్లో, మిషను తొక్కుతున్న హుమాయూన్‌కు గుండె మీద రోలు పెట్టినట్టయింది. ఇశ్రాయేలు రిక్షా ఎక్కించి డాక్టరు తిరుపతిరావుగారి దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన పరీక్షలన్నీ చేసి, "గుండెలో బ్లాకుందయ్యా," అన్నాడు.

హుమాయూన్ బిత్తరపోయాడు. "బ్లాకా? అల్లా మీద ఒట్టండీ, సినిమా టిక్కెట్టు కూడా బ్లాకులో కొని ఎరగను!"

"ఆ బ్లాకు కాదయ్యా. గుండెకు రక్తం తెచ్చే గొట్టంలో కొవ్వు పేరుకుంది."

"పూడికండీ, పూడిక!" ఇశ్రాయేలు కుర్చీలోంచి లేచాడు. "తీసేద్దాం. ఎటునుంచి దిగాలి?"

డాక్టరు నవ్వాడు. "స్విట్జర్లాండులో దిగారులే. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాని కొసనున్న బుడగ ఊది, కొవ్వును పక్కకు అదిమేశారు. రక్తం పారింది. మనదాకా రావడానికి ఏళ్లు పడుతుంది."

"మరి బుడగ తీశాక గట్టు మళ్లీ జారదాండీ? లోపల తడిక కట్టాలిగా!"

"ఆ తడిక ఇంకా ఎవరూ అల్లలేదయ్యా."

"మా లస్కర్లని అడగొచ్చుగా!" అని ఇశ్రాయేలు స్విట్జర్లాండు మీద విసుక్కున్నాడు.

ఆ బుడగ వైద్యం మనదాకా వచ్చేలోపు మాత్రలు వాడమని, బీడీలు మానమని, రోజూ మెల్లగా నడవమని డాక్టరు చెప్పాడు. హుమాయూన్ మాత్రలు వేసుకున్నాడు. బీడీలు మానాడు. నడక మాత్రం వద్దంటే వద్దన్నాడు. అడుగేస్తే గుండె ఆగిపోతుందని భయం. మంచం దిగడు.

"కాస్త వాకిట్లోకైనా రండీ," అని భార్య దిల్షాద్ బేగం బతిమాలింది.

"నన్ను చంపుదామనా?"

ఇలాగే పడుకుంటే మనిషి దక్కడని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇశ్రాయేలు గోడ తడుముకుంటూ వచ్చాడు. "హుమాయూనూ, కళ్లకు పొర కమ్మిందయ్యా. కాలవలో డెక్క ఎందాకా వచ్చిందో కనపడి చావట్లేదు. నువ్వు చూసి చెబుదువుగాని, రా."

"రిటైరైపోయావుగా, నీకెందుకన్నా ఇంకా?"

"అన్నం సయించట్లేదయ్యా!"

చూపులేని మనిషిని ఒంటరిగా గట్టు మీదకు పంపలేక, హుమాయూన్ చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. మొదటిరోజు నాలుగిళ్ల దూరం. పదిరోజులకు వంతెన దాకా. ఇశ్రాయేలు మాటిమాటికీ "ఆగాగు, ఇక్కడ నీటి వాలు చూడాలి," అని నిలబడేవాడు. సరిగ్గా తనకు ఆయాసం వచ్చినప్పుడే ఆయనకు పని తగలడం తన అదృష్టమనుకునేవాడు హుమాయూన్.

మూడు నెలలకు డాక్టరు చూసి, "భేష్! నొప్పి పోయింది, ఆయాసం పోయింది. గుండె పక్కనుంచి పిల్లకాలవలు తవ్వుకున్నట్టుంది," అన్నాడు. "మళ్లీ ఇరవయ్యో తారీకున రండి."

ఇశ్రాయేలు గది అవతలి గోడనున్న క్యాలెండరు కేసి చూశాడు. "ఆవేళ అమావాస్యని రాసుందండీ. మీరుంటారా?"

హుమాయూన్ గిరుక్కున తిరిగాడు. "ఆ చీమతలకాయంత అక్షరాలు ఇక్కణ్ణించి కనపడ్డాయా? మరి నీ కళ్లపొర?"

"మొన్నే విడిపోయింది," అని ఇశ్రాయేలు తల గోక్కున్నాడు.

"పొరా లేదు, పాడూ లేదు!" డాక్టరు పగలబడి నవ్వాడు. "నువ్వు నడవనన్న సాయంత్రమే వచ్చి, ఎంత దూరం నడపాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ అడిగి పోయాడయ్యా."

హుమాయూన్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తను బతికానన్న నమ్మకం అప్పుడు కుదిరింది. "గుడ్డోడని మూడు నెలలు చెయ్యి పట్టి నడిపించానే, అబద్ధాలకోరా!" అంటూ విసవిసా వీధిలోకి నడిచాడు.

"మెల్లగా పోవయ్యా! నావల్ల కావట్లేదు!" అని వెనకనుంచి ఇశ్రాయేలు రొప్పాడు.

హుమాయూన్ ఆగి రిక్షా పిలిచాడు. ఇశ్రాయేలును అందులో కూర్చోబెట్టి, తను పక్కనే నడుచుకుంటూ పటమట చేరాడు.