చివరగా ముట్టుకున్నవారు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ అత్తగారు అనేవారు. ముప్పై దాటిన మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. వెబ్‌సైట్లు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో మిగతావాళ్లు చేసిన పనికి వంకలు పెట్టడమే ఆవిడ ఉద్యోగం. బటన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా పట్టేసేది. అత్తగారు సరే అనకుండా ఏ పేజీ గడప దాటేది కాదు.

ఇంత నోరున్న మనిషీ ఒక్కరి ముందు మాత్రం కిక్కురుమనేది కాదు. ఆయన టీమ్ లీడరు. ఇంట్లో అయితే బావగారు, భర్తకు సొంత అన్న. భర్త పని పోయి ఇంట్లో కూర్చుంటే ఆవిణ్ణి ఇక్కడ చేర్పించింది ఆయనే. ఉండేదీ ఆయన ఇంటి పైగదుల్లోనే. ఆఫీసులో "సార్" అనేది. ఇంట్లో ఆ ముక్క కూడా లేదు, ఏదున్నా తోడికోడలి ద్వారానే.

పక్క కుర్చీ రంగులపిల్లది. పేజీలకు రంగులద్దే ఆ అమ్మాయి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆవిణ్ణి అక్కా అని పిలిచేది ఆ ఒక్కతే.

ఒకరోజు, ఆస్పత్రికి చేసిచ్చిన సైటు మీద గొడవ వచ్చిపడింది. ఇంట్లో ఇద్దరు ఒకే ఫోన్ నంబరు ఇస్తే, ఒకరి రక్తపరీక్ష రిపోర్టు ఇంకొకరికి కనిపిస్తోంది. ఎవరో ఇల్లాలు ఆడపడుచు రిపోర్టు చూసి, ఆ జబ్బు తనకే అనుకొని అన్నం మానేసిందట. ఆస్పత్రివాళ్లు ఫోన్‌లో యజమానిని కడిగిపారేశారు.

ఏ పేజీలో తప్పు బయటపడినా, దాన్ని చివరగా ముట్టుకున్నవారి పేరు సిస్టమ్ దానంతటదే తగిలిస్తుంది. ఈసారి రంగులపిల్ల పేరు తగిలించింది. ఆ పిల్ల చేసిందల్లా ఆకుపచ్చ బటన్‌ను నీలంగా మార్చడమే. అత్తగారు పాత మార్పులన్నీ తిరగేసి చూసింది. తప్పు అంతకుముందే ఉంది. ఆ పేజీ కోడ్ రాసింది బావగారు. నంబరుకు ఒక్క మనిషినే పెట్టి పరీక్షించింది కాబట్టి అప్పట్లో తనకూ దొరకలేదు.

మధ్యాహ్నం మీటింగ్‌లో యజమాని అడిగాడు, "ఎవరి పని ఇది?"

"పేరు అక్కడే ఉంది కదండీ" అన్నాడు లీడరు, చాలా మామూలుగా.

"నేను రంగొక్కటే మార్చానండీ" అంది ఆ పిల్ల.

"ముట్టుకున్నప్పుడు చూసుకోవాలి కదమ్మా" అన్నాడు లీడరే.

యజమాని అత్తగారి వైపు తిరిగాడు. "మీరు చూశారుగా, ఏమంటారు?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. కానీ పైగదులు, ఖాళీగా కూర్చున్న భర్త, సాయంత్రం మెట్ల దగ్గర ఎదురయ్యే తోడికోడలి మొహం, అన్నీ కళ్లముందు తిరిగాయి. బావగారు ఆవిడకేసి కనీసం చూడను కూడా లేదు. అంత ధీమా ఆయనకు.

"ఇంకా చూస్తున్నానండీ" అంది.

ఆవిడ భయం అర్థమవుతుంది. అయినా ఆ మాటను క్షమించబుద్ధి కాదు. బటన్ల మీద చూపించే ప్రతాపంలో పిసరంతైనా అక్కడ చూపించాల్సింది.

సాయంత్రానికి రంగులపిల్లను రేపట్నుంచి రావద్దన్నారు. ఆ పిల్ల సంచి సర్దుకుంటుంటే అత్తగారు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది.

"నా ఇంటి సంగతి నీకు తెలుసుగా. ఏం చెయ్యమంటావే?"

ఆ పిల్ల కోప్పడలేదు. ఛార్జరు వైరు చుట్టి సంచిలో పెట్టుకుంది.

"తెలుసక్కా. పాత మార్పులు పొద్దున్నే నేనూ చూశాను. ఆయన పేరు చెబితే నీకు ఇంట్లో కష్టమవుతుందని ఊరుకున్నాను."