బావగారి ఎదుట అడగని ప్రశ్న

ఆ కబురు నాకు మొదట తెచ్చింది రొకియా. మా బ్లాకు మెట్లూ వరండాలూ కడిగే మలాయ్ ఆవిడ. 1999లో దీపావళికి ముందు వారం. వుడ్‌ల్యాండ్స్‌లో ఒక హౌసింగ్ బ్లాకు కింది అంతస్తులో, అటు కిరాణా కొట్టు, ఇటు మంగలి షాపు, మధ్యలో మా క్లినిక్. గురువారం పొద్దున్నే నేను షట్టరు తాళం తీస్తుంటే చీపురు గోడకి ఆనించి నా పక్కన వచ్చి నిలబడింది.

"కాకా," అంది. మలాయ్‌లో అక్కా అని. "నిన్న వెనక బ్లాకుకి ఆంబులెన్సు వచ్చింది. మీ మనుషులే. చిన్న పిల్ల, ఆకుపచ్చ చున్నీ. మొన్న మీ దగ్గరికి వచ్చింది కదా?"

"ఇప్పుడెలా ఉంది?"

రొకియా తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. నా చేతిలోంచి తాళాలు తీసుకుని షట్టరు తనే పైకెత్తింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చెయ్యని మనిషి. నాకు అప్పుడే తెలిసిపోయింది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. చిన్నతనంలో జబ్బు చేసి ఇంటిపట్టునే ఉండిపోతే, మా మేనత్త పక్కన కూర్చోబెట్టుకుని చదవడం, రాయడం నేర్పింది. ఇంగ్లీషు పెళ్లయ్యాక ఇక్కడ మావారు రోజూ పేపరు ముందు పెట్టి నేర్పారు. ఆ ఇద్దరి పుణ్యాన నాకు క్లినిక్ అసిస్టెంట్ ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ల కార్డు తియ్యడం, బరువు చూడడం, డాక్టరు గారు రాసిన మందులు పొట్లాల్లో వేసి ఎలా వేసుకోవాలో చెప్పడం నా పని. తెలుగువాళ్లో తమిళులో వస్తే లోపలికి వెళ్లి మాట అటూ ఇటూ చేరవెయ్యడం కూడా. మా డాక్టరు గారు చైనీస్ పెద్దాయన. నన్ను పనిలో పెట్టుకున్న రోజున ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. అందుకు ఆయనకి ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ ఏడు మా పేటకి మన కుర్రాళ్లు తండోపతండాలుగా వచ్చారు. సంవత్సరం మారగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయని బ్యాంకులన్నీ భయపడుతున్న కాలం. ఒక్కో ఫ్లాట్‌లో ఆరుగురు. ముగ్గురు పగటి షిఫ్టు, ముగ్గురు రాత్రి షిఫ్టు, పరుపులు మాత్రం మూడే. మా దగ్గరికి ఎక్కువగా ఎంసీ కోసం వచ్చేవాళ్లు. సెలవుకి డాక్టరు ఇచ్చే కాగితాన్ని ఇక్కడ అలా అంటారు. వాళ్ల మొహాలు చూసి లెక్క చెప్పేసేదాన్ని. కౌంటరు దగ్గర నవ్వుతూ "బాగున్నారా ఆంటీ" అన్నవాడికి జ్వరం లేనట్టే. నిజంగా జ్వరమున్నవాడు నవ్వడు, గోడ వెతుక్కుంటాడు, ఆనుకోవడానికి.

డాక్టరు గారికి మనవాళ్ల తలలతో పెద్ద తంటా. "అమ్మా, నేను నొప్పి ఉందా అంటే ఈ అబ్బాయి తల ఫ్యాన్ లాగా తిప్పుతున్నాడు. దీనికి స్విచ్ ఎక్కడ?" అనేవారు. నేను నవ్వి విడమరిచేదాన్ని. ఇటూ అటూ గబగబా ఊపితే సరే అని. నెమ్మదిగా ఒక పక్కకి వంచితే, మీరు చెప్పింది విన్నాను అని. తల దించి వంచితే, పెద్దవాళ్లు మీరు, మీ మాట కాదనను అని. ఆ మూడోదానికి ఔననీ అర్థం కాదు, కాదనీ అర్థం కాదు, మళ్లీ అడగాలి అని చెప్పింది నేనే. ఆయన మెచ్చుకునేవారు. నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు!

మంగళవారం పదకొండింటికి ఆ అమ్మాయి వచ్చింది. పేరు కుమారి. ఇరవై రెండేళ్లు. తుని దగ్గర పల్లె. పెళ్లయి ఏడాది, ఈ ఊరొచ్చి నాలుగు నెలలు. భర్తది పగటి షిఫ్టు, సెలవు దొరకలేదు. రాత్రి పని ముగించుకుని వచ్చిన బావగారు, అంటే భర్తకి అన్నగారు, నిద్ర మానుకుని తీసుకొచ్చాడు. సత్యం అని, ముప్పై ఏళ్ల వాడు, పెద్దమనిషి తరహా. ఎర్రబడ్డ కళ్లతోనే నాకు కూడా టీ తెచ్చిపెట్టాడు. "తీసుకోండి ఆంటీ, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నారు" అన్నాడు. ఇన్నేళ్లలో కౌంటరు ఇవతలి మనిషికి టీ తెచ్చినవాళ్లు నాకు ఇంకొకరు గుర్తులేరు.

వాళ్ల వైపు తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు, గొంతు పైకి రానివ్వదు. మా వైపూ అంతే. కుమారిని రెండుసార్లు అంటే గానీ బెంచీ మీద కూర్చోలేదు. కూర్చున్నా అంచు మీదే. మాటిమాటికీ చెయ్యి పైకెత్తి కుడి భుజం మీద చున్నీ సర్దుకుంటోంది. ఎంత మర్యాదగల పిల్ల అనుకున్నాను.

లోపల డాక్టరు గారు అడిగారు. కడుపులో నొప్పి. ఎప్పటినుంచి? "మూడు రోజులండి," అని బావగారే చెప్పాడు. "బయట తిండి పడలేదేమో. ఆ అమ్మాయికి ఇక్కడి మసాలాలు అలవాటు లేవు."

డాక్టరు గారు కార్డు మీద రాసుకుంటూ, తలెత్తకుండా "ఎల్ఎంపీ?" అన్నారు. క్రితంసారి బయట చేరింది ఎప్పుడు అని. కడుపునొప్పి అని వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగాల్సిన ప్రశ్న అది. ఆయన అడక్క మానరు, నేను తెలుగులో చెప్పక తప్పదు.

బావగారు మూరెడు దూరంలో ఉన్నాడు.  అన్నిసార్లు అడిగిన ప్రశ్నే, అత్తగారి ముందు అడిగాను, మొగుడి ముందు అడిగాను. బావగారి ముందు మాత్రం నోరు రాలేదు.

"అంతా సక్రమంగానే ఉందామ్మా?" అన్నాను.

కుమారి తల దించుకుంది. నెమ్మదిగా ఒక పక్కకి వంచింది.

"రెగ్యులర్, డాక్టర్," అన్నాను నేను.

ఆయన రాసుకున్నారు. గ్యాస్ట్రిక్ అన్నారు. కౌంటరు దగ్గర తెల్ల మందు సీసా, మాత్రల పొట్లం చేతిలో పెట్టి, భోజనానికి ముందు ఇది, తరవాత ఇది అని చెప్పాను. కుమారి పొట్లం అందుకుంటూ నా వేళ్లు కూడా పట్టుకుంది. పట్టుకుని వెంటనే వదల్లేదు. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. నేను ఇంకో చేత్తో ఆ చెయ్యి తట్టి, "తగ్గిపోతుందిలే తల్లీ, దేవుడున్నాడు" అన్నాను. వెనక నలుగురు కాచుకుని ఉన్నారు. గాజు తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. నేను అప్పటికి తరవాతివాళ్ల కార్డు వెతుకుతున్నాను.

గురువారం రొకియా మాట విన్న తరవాత డాక్టరు గారు ఆసుపత్రికి ఫోన్ చేశారు. పెట్టేశాక చాలాసేపు ఫోను మీదే చెయ్యి ఉంచారు. "ఎక్టోపిక్," అన్నారు. గర్భం సంచిలో నిలవకుండా పక్కనున్న సన్నటి గొట్టంలో నిలవడం. అది పెరిగి గొట్టం పగిలితే కడుపులోనే నెత్తురు పోతుంది, పైకి చుక్క కనిపించకపోవచ్చు. వాళ్లు ఆపరేషన్ టేబుల్ దాకా తీసుకెళ్లేసరికే చెయ్యి దాటిపోయిందట.

ఆయన కుమారి కార్డు తీసి చూశారు. "రెగ్యులర్ అని ఉంది."

"నేనే చెప్పాను," అన్నాను. "ఆ అమ్మాయి చెప్పలేదు. అసలు నేను అడగలేదు." జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోవడమే న్యాయం అనుకున్నాను.

"భుజం నొప్పి అందా?"

"అనలేదండి. చున్నీ సర్దుకుంటూనే ఉంది. కుడి భుజం మీద."

ఆయన కళ్లజోడు తీశారు. కడుపులో నెత్తురు కారుతున్నప్పుడు నొప్పి భుజం కొన మీద తెలుస్తుందట. నేను మర్యాద అనుకున్నది ఆ నొప్పి. ఆయన చెప్పింది మళ్లీ చెప్పించుకున్నాను, తప్పు విన్నానేమోనని. తప్పు వినలేదు.

"నాకు కనిపించలేదు," అన్నారాయన. "నేను కార్డు చూస్తున్నాను." 

పది రోజుల తరవాత సత్యం వచ్చాడు. కుమారి దేహాన్ని తీసుకుని తమ్ముడు ఇండియా వెళ్లాడు, ఇతనికి సెలవివ్వలేదు. మధ్యాహ్నం, క్లినిక్ మూసే వేళ. ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చానండి. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేం లేదు," అన్నాడు. "మా తమ్ముడు చూపించాడు. వంటింటి క్యాలెండర్ మీద ఆ అమ్మాయి పసుపు చుక్కలు పెట్టుకునేదట నెలనెలా. ఏడు వారాలుగా చుక్క లేదండి. తనకి తెలుసు. వాడికి ముందు చెప్పాలని ఆగినట్టుంది. వాడేమో పగటి షిఫ్టన్న పేరే గానీ అర్ధరాత్రి వచ్చి తెల్లారకుండా వెళ్లేవాడు."

నేను మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"ఆంటీ గారూ, నేను బయటికెళ్లుంటే చెప్పేదా మీకు?"

అబద్ధం ఆడదామనుకున్నాను. అతని మొహం చూస్తే అదీ చేతకాలేదు. "చెప్పేదేమో బాబూ," అన్నాను. "నేను నిన్ను బయట కూర్చోమనాల్సింది. మొగమాటపడ్డాను. నిద్ర మానుకుని పిల్లని తీసుకొచ్చావు, నీకు అవమానంగా ఉంటుందేమోనని."

అతను నా వంక అదోలా చూశాడు. "నేను లేచానండి. ఆయన ఇంగ్లీషులో అడగ్గానే నాకు అర్థమైంది. బయటికి వెళ్లబోయాను కూడా. మీరే చేత్తో కూర్చోమన్నారు."

లేదని అనబోయాను. ఆ గది కళ్లముందుకి తెచ్చుకున్నాను. స్టూలు చప్పుడు వినిపించింది. నా అరచెయ్యి కిందికి ఊపడం కనిపించింది, ఇంటికొచ్చిన వాళ్లు మనం నిలబడి ఉన్నామని లేవబోతే "ఫర్వాలేదు, కూర్చోండి" అంటాం చూడండి, అలాగ. టీ తెచ్చిచ్చిన మనిషి కదా. వచ్చినవాళ్లందరి చేతులూ తలలూ చదివి పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ చెయ్యి నాదేనని నాకు పది రోజులు తెలియలేదు.

"మిమ్మల్ని అనడానికి రాలేదండి," అన్నాడు సత్యం. "మీరు కూర్చోమన్నాక నాకూ హాయిగానే అనిపించింది. పరాయి చోట ఒక్కదాన్ని వదిలేసి వెళ్లడం ఎలాగా అనుకున్నాను. అదే అనుకుంటన్నాను రోజూ." గ్లాసు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఎంసీకి కూడా మా క్లినిక్‌కి రాలేదు.

డాక్టరు గారు నన్ను పనిలోంచి తియ్యలేదు. ఇంకో పదకొండేళ్లు చేశాను. ఆ రోజునుంచి ఆడపిల్ల ఎవరు వచ్చినా, ఎవరితో వచ్చినా, బరువు చూడాలి రా అమ్మా అని ముందుగా వెనక గదిలోకి ఒక్కదాన్నే తీసుకెళ్లేదాన్ని. బరువు యంత్రాన్ని అక్కడికి మార్పించింది నేనే. తల ఊపితే ఊరుకునేదాన్ని కాదు. "నోటితో చెప్పు" అనేదాన్ని. చెప్పేవాళ్లు. ఒకామె భుజం పట్టుకుని వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పంపాం, బతికింది, పళ్లు తెచ్చి ఇచ్చింది.  ఆమెని చూసి సంతోషించాలని ఎంత ప్రయత్నించినా, ఈ పని ఆ మంగళవారం నాడు చెయ్యలేకపోయానే అన్నదే లోపల తిరిగింది.

ఎదుటి మనిషి శరీరాన్ని చదవడం గురించి ఇప్పుడు పుస్తకాలు వస్తున్నాయి, క్లాసులు చెబుతున్నారు. చేతులు కట్టుకుంటే ఇది, కళ్లు దించితే అది అని. నా అనుభవంలో తెలిసింది అంతకంటే తక్కువ. కనిపించినదానికి మనకి ఇష్టమైన అర్థం చెప్పుకుంటాం. మర్యాద ఇష్టమైనవాళ్లకి మర్యాదే కనిపిస్తుంది. అందుకని కనిపించాక అడగాలి. అడగడానికి సిగ్గయితే ఇంకా అడగాలి. అడగాల్సిన మనిషిని ఒంటరిగా నిలబెట్టడం మన పని.

దేవుడు నాకు చాలా ఇచ్చాడు. భర్త, పిల్లలు, తలుపు తట్టే ఇరుగుపొరుగు. ఒక్కొక్కరి పేరూ చెప్పి పొద్దున్నే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. కుమారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఏం చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు. క్షమించమని అడగడానికి ఆ పిల్ల ఎదురుగా లేదు. దేవుణ్ణి అడిగితే ఆయన క్షమిస్తాడేమో, కాని బాకీ ఆయనకి కాదు కదా. 

ఇది చదివినవాళ్లని ఒక్కటి అడుగుతాను. నన్ను తలుచుకోవద్దు, డాక్టరు గారిని తప్పుపట్టొద్దు. తుని దగ్గర పల్లెనుంచి వచ్చి, వుడ్‌ల్యాండ్స్ రైలు స్టేషన్ల పేర్లు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటూ, భర్తకి చెప్పాల్సిన ఒక శుభవార్త మనసులో పెట్టుకుని ఏడు వారాలు ఎదురుచూసిన ఒక ఆడపిల్ల ఉండేది. దయచేసి ఆ కుమారిని గుర్తుపెట్టుకోండి.